నూట పదిహేడో పేజీ

కాగితం మడిచేవాళ్లు కాగితం మీద ఉన్నది చదవకూడదు. ప్రెస్సు బైండింగు గదిలో అది మొదటి పాఠం. కన్ను అక్షరం మీద వాలిందంటే అంచు వేలికింద నుంచి జారిపోతుంది. ఒక్క మడత వెంట్రుకవాసి తప్పితే పదహారు పేజీలూ వంకరే. చూడాల్సింది పేజీ అడుగున అంకె, ఫారం అనే ఆ పదహారు పేజీల పెద్దకాగితం మూల చిన్న గుర్తు, అంతే. యాభై అయిదేళ్లుగా ఆమె అంతే చూస్తోంది. బడిపిల్లల లెక్కలు, లాయర్ల లావుపాటి పుస్తకాలు, ఎవరెవరి కవిత్వాలో ఆమె చేతుల మీదుగా వెళ్లిపోయాయి. ఒక్కదానిలోనూ ఏముందో ఆమెను అడిగి లాభం లేదు. ప్రెస్సులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఫారాలమ్మ అంటారు.

మంగళవారం పొద్దున ప్రెస్సు ఓనరు ఒక దొంతర తనే మోసుకొచ్చి ఆమె బల్ల మీద దించాడు.

"పెద్దమ్మా, మీ తమ్ముడుగారి పుస్తకం. పది ఫారాలు, మూడొందల కాపీలు. శనివారానికి ఇచ్చెయ్యాలి, ఆదివారం సభట. కుట్టేది మా అక్కేనా, మా అక్కేనా అని హెడ్మాస్టరుగారు ఫోన్ల మీద ఫోన్లు."

"ఇంకెవరు కుడతారు?" అంది ఆమె, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. మామూలుగా ఒకసారి తుడిచే చేతుల్ని రెండుసార్లు తుడిచింది.

ఎదురు బల్ల దగ్గర ఉండేది ముప్పై దాటని మనిషి. నిద్రపోయినప్పుడు తప్ప నోరు మూతపడదు కనక రేడియో అని పేరొచ్చింది.

"తమ్ముడి పుస్తకమా! అయితే ఇవాళ టీ నీదే పెద్దమ్మా."

"ముందు చెయ్యి ఆడించవే. నీ నోటికున్న జోరు చేతికుంటే ఈపాటికి ఒక లైబ్రరీ కట్టేవాళ్లం."

ఆమె మొదటి కాగితం తీసుకుంది. అంచుకు అంచు కలిపి, ఎడమ అరచేత్తో అదిమి, కుడిచేతిలోని ఎముక బద్దతో మడత మీద ఒక్క రుద్దు రుద్దింది. తిప్పింది. మళ్లీ మడత, మళ్లీ రుద్దు. మూడో మడతకి అది పదహారు పేజీలై పక్కన కూర్చుంది. ఆ బద్ద వాడకంలో సగానికి అరిగి, ఆమె బొటనవేలి ఆకారానికి వచ్చేసింది. బొటనవేలు కూడా కొంత బద్ద ఆకారానికి వచ్చింది.

రేడియో మాత్రం దొంగచూపులు మానదు. "ఇది విను పెద్దమ్మా. 'మా ఇంటి ముందు తెల్ల మచ్చల నల్ల కుక్క ఒకటి ఉండేది. అప్పుడు నాకు అయిదేళ్లు.' కుక్క మీద అరపేజీ! కుక్కకే ఇంత ఉంటే నీకెంత ఉండాలి? వెతకనా?"

"వద్దు. అంకె చూసి మడువు."

"ఆత్రంగా లేదూ నీకు?"

"ఎందుకు లేదు? అట్ట వేశాక మొదటి కాపీ నేనే పట్టుకెళ్తా. కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, మొదటి పేజీ నుంచి చదువుతా. ఇప్పుడే కెలికితే రుచి పోతుంది."

ఆరు నెలలుగా తమ్ముడు ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఫోనులో రికార్డింగు నొక్కి ఆమె ముందు పెట్టి, చెప్పక్కా అనేవాడు. తాత ఏ ఊరి నుంచి వచ్చాడు, నానమ్మ వాళ్లు ఎంతమంది, నాన్న ఎప్పుడు మంచాన పడ్డాడు. అతనికి సగం తెలియదు, సగం మరిచిపోయాడు. ఆమెకు అన్నీ తెలుసు. ఇంట్లో ఉన్నదీ వండిందీ విన్నదీ ఆమే కదా. ఒక్క ఆదివారం మాత్రం, "నన్ను బడి మాన్పించిన రోజు" అని ఆమె మొదలుపెట్టగానే, "ఛార్జింగ్ అయిపోయింది అక్కా, మళ్లీ చెబుదువుగాని" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ మళ్లీ రాలేదు. అయినా దానికి ఫోను దేనికి, ఆ రోజు వాడు అక్కడే ఉన్నాడు కదా అనుకుందామె.

బుధవారం సాయంత్రానికి మడతలయ్యాయి, ఫారాలు వరసలో పేర్చడమయింది, కుట్టు కూడా అయింది. ఒకటి నుంచి పది వరకు వెన్నుల్లోంచి దారం పోనిచ్చి, చివర ముడి బిగించి, మూడొందల పుస్తకాలు అట్టల్లేకుండా బరువు కింద నిలబడ్డాయి. సిరా పులిమేసిన కాగితాలు ఎప్పటిలాగే ఓ మూల పడి ఉన్నాయి. ఇంట్లో అలమార అరలో పరుచుకోవడానికి వాటిలోంచి ఒకటి చుట్ట చుట్టి చంకన పెట్టుకుంది. ఎనిమిదో ఫారం అది.

*

కూతురు గుమ్మంలోనే ఎదురొచ్చింది, తొమ్మిది నెలల పాపను భుజాన వేసుకుని.

"అమ్మా, దీని ఒళ్లు చూడు, వెచ్చగా లేదూ?"

"నీ చేతులు చల్లగా ఉన్నాయే."

"పొద్దుటి నుంచి మూడుసార్లు పెట్టా థర్మామీటరు. మూడుసార్లూ బాగానే ఉంది. అదే భయంగా ఉంది నాకు, థర్మామీటరు పాడయిందేమో."

"నువ్వు నోట్లో పెట్టుకుని చూడు. నీకూ బాగానే ఉంటే థర్మామీటరు పాడవలేదు, నీ బుర్ర పాడయింది." పాపను అందుకుని మెడ వెనక చెయ్యి పెట్టి చూసింది. "మల్లెపువ్వులా ఉంది. పాలు పెట్టు, టీ తాగుదాం."

కూతురు స్టవ్వు మీద పాలు పెట్టి, అలమారలో గిన్నెలు తీసి, కొత్త కాగితం పరిచింది. విప్పిన ఫారంలో సగం పేజీలు తలకిందులుగా ఉంటాయి. చేతికి దొరికింది చదివే అలవాటు ఆ పిల్లకి. మెడ వంచి చదువుతూ ఒక్కసారి పకాలున నవ్వింది.

"అమ్మా! నీకు చదువంటే ఇష్టం లేదటగా? మావయ్య రాశాడు. నాలుగు తన్ని మరీ నన్ను బడికి పంపావు కదే, పెద్ద చెప్పొచ్చావు!"

"ఏం రాశాడు?"

"'మా అక్కకు చిన్నతనం నుంచీ చదువు మీద ఆసక్తి లేదు. చేతిపని మీదే మక్కువ. అయిదో తరగతిలో తనంతట తానే బడి మాని, సంతోషంగా పనిలో చేరింది.'" చదువుతూ చదువుతూ కూతురి గొంతు తగ్గిపోయింది. వెనక్కి తిరిగి తల్లి ముఖం చూసి, పాపను తీసుకోవడానికి చేతులు చాచింది.

ఆమె పాపను ఇచ్చేసి, కాగితం అరలోంచి లాగి బల్ల మీద పరిచింది. కళ్లజోడు తుడుచుకుంది. నూట పదిహేడో పేజీ. వేలు వాక్యం కింద పెట్టి, ఒక్కో మాట దగ్గరా ఆగుతూ చదివింది. చివరికి వచ్చి మళ్లీ మొదటి నుంచి చదివింది. మూడు వాక్యాలు. తరవాత పేరా అంతా తమ్ముడు హైస్కూల్లో చేరడం గురించి.

"తనంతట తానే," అంది.

"పోనీలే అమ్మా. మావయ్యకి గుర్తుండదు. చిన్నవాడు కదా అప్పుడు."

"లెక్కల క్లాసు. భిన్నాలు చెబుతున్నారు. మా అమ్మ గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు. పరీక్ష పది రోజులుందమ్మా, రాయించి తీసుకెళ్లండి అన్నారు టీచరు. పరీక్ష కూడు పెడుతుందా అంది మా అమ్మ. నేను బల్ల కిందికి దూరి కోడు పట్టుకున్నా. అమ్మ కూర్చుని ఒక్కో వేలే విప్పింది. చిటికెన వేలితో మొదలుపెట్టింది." ఆమె చెబుతూ ఉంటే చేతులు తమంతట తాము ఆ కాగితాన్ని మడుస్తున్నాయి, ఒకటి, రెండు, మూడు. "వాడు రెండో క్లాసు వరండాలో నిలబడి ఏడ్చాడు. మర్నాడు నా పెన్సిళ్ల డబ్బా వాడికిచ్చారు. ఊరుకున్నాడు."

పాలు పొంగి స్టవ్వు ఆరిపోయింది. కూతురు చూసుకోలేదు.

"ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు బడికి పోయావు కదా. ఇంక చెప్పేదేముంది?"

*

గురువారం ప్రెస్సుకు ఒక పూట ఆలస్యంగా వస్తానని కబురు పెట్టి, తమ్ముడి ఇంటికి బయల్దేరింది. మూడో అంతస్తు. రెండో అంతస్తు మలుపులో ఆగి ఊపిరి తీసుకుంది. చేతిసంచిలో ఆ మడతపెట్టిన ఫారం ఉంది.

తమ్ముడు కిటికీ పక్క బల్ల దగ్గర ఆహ్వానాల మీద పేర్లు రాస్తున్నాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో నీలం కలం, ఎర్ర కలం. రిటైరై నాలుగేళ్లయినా ఎర్ర కలం జేబు దిగలేదు.

"రా అక్కా, రా! కుట్టు అయిపోయిందటగా. ఓనరు చెప్పాడు, మీ అక్కగారి చెయ్యి పడితే పుస్తకానికి వెన్నెముక వస్తుందని."

"ఇందులో తప్పుందిరా."

"అచ్చుతప్పా?" అతని ముఖం పాలిపోయింది. "మూడుసార్లు ప్రూఫు చూశానే!"

"అచ్చు బాగానే ఉంది. రాసింది తప్పు." కాగితం విప్పి, వేలు పెట్టి చూపించింది.

అతను చదివి, కుర్చీలో వెనక్కి వాలాడు. "ఓ, ఇదా."

"నాకు చదువు ఇష్టం లేదని నీకెవరు చెప్పారు?"

"ఏదో ఒకటి రాయాలి కదక్కా. అయిదో క్లాసులో పిల్ల బడి ఎందుకు మానేసింది అని చదివేవాళ్లు అడుగుతారు."

"ఎందుకో నీకు తెలుసు కదా. అదే రాయి."

మరదలు టీ పట్టుకొచ్చి ఒక క్షణం నిలబడి విన్నది. "ఒక్క మాట కోసం ఇంత దూరం మెట్లెక్కి వచ్చారా వదినా? ఫోను చేస్తే ఈయనే వచ్చేవారు కదా."

"మూడు మాటలమ్మా," అంది ఆమె.

"సరే, దిద్దుదాం. దానికేం భాగ్యం?" తమ్ముడు ఎర్ర కలం తీశాడు. తెల్లకాగితం మీద కాసేపు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, తల పైకెత్తి తరగతిలో పాఠం చదివే గొంతుతో చదివాడు. "'తమ్ముడి భవిష్యత్తు కోసం తన చదువును నవ్వుతూ త్యాగం చేసిన దేవత మా అక్క.'"

"ఎంత బాగుందో!" అంది మరదలు.

"నేనెప్పుడు నవ్వాను?" అంది ఆమె.

తమ్ముడు 'నవ్వుతూ' కొట్టేశాడు. "ఇప్పుడు?"

"త్యాగం కూడా కొట్టెయ్యి. త్యాగమంటే నా చేత్తో నేనివ్వడం. చేతిలోంచి లాక్కున్నదాన్ని ఇచ్చానని ఎలా రాస్తావు?"

"మరి ఏం రాయమంటావు?"

"అమ్మ బడికొచ్చి లాక్కుపోయిందని రాయి. నేను ఏడ్చానని రాయి. ఇంకేం వద్దు."

అతను కలం కింద పెట్టి, కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. "అవన్నీ ఇప్పుడెవరికి తెలుస్తాయక్కా? నాకు ఏడేళ్లు అప్పుడు. నాకేం గుర్తుంటుంది?"

"అయిదో ఏట చూసిన కుక్కకి మచ్చలు ఏ రంగో రాశావు కదరా."

మరదలు కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

"అది వేరు, ఇది వేరు," అన్నాడతను. గొంతు కాస్త లేచింది. "అమ్మకి అంకితమిచ్చిన పుస్తకమిది. మొదటి పేజీలో ఆవిడ ఫోటో ఉంది. అలాంటి పుస్తకంలో అమ్మ బల్ల కిందికి వంగి నీ వేళ్లు ఒక్కొక్కటే విప్పిందని రాయమంటావా?"

బల్ల సంగతి, వేళ్ల సంగతి ఆమె ఆ ఇంట్లో ఎత్తలేదు. అతనికి ఎప్పుడూ చెప్పలేదు. అతను కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ తుడిచాడు. అద్దాల మీద ఏమీ లేదు.

"గుర్తుందన్నమాట," అంది ఆమె, మెల్లగా.

"అక్కా, నా సంగతి కూడా చూడు. ఆడపిల్లల్ని బడి మాన్పించొద్దని ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగి చెప్పినవాణ్ణి. ఆదివారం సభకి వచ్చేవాళ్లంతా నా దగ్గర చదువుకున్నవాళ్లు. నీ ఇంట్లోనే జరిగిందట కదా మాస్టారూ అంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"అప్పుడు నువ్వు పిల్లాడివి. నిన్నెవరు అంటారు?"

"నేను అప్పుడు పిల్లాణ్ణి. ఇప్పుడు కాదు కదా." ఎందుకన్నాడో అతనికే తెలియనట్టు ఆగి, ఆహ్వానాల కట్ట సర్దాడు. "అమ్మని చెడ్డదాన్ని చెయ్యలేను. అంతే."

"చెడ్డదని నేనన్నానా? నాన్న లేవలేడు, ఇంట్లో నాలుగు నోళ్లు. ఆవిడ స్థానంలో నేనుంటే నేనూ అదే చేసేదాన్నేమో. కానీ నేను ఏడ్చాను. అది నాది. దాన్ని సంతోషం చెయ్యకు."

అతను గోడ మీద గడియారం వంక చూశాడు. ఎప్పుడూ అంతే, చిన్నప్పటి నుంచీ. అడిగింది ఇవ్వాల్సివచ్చినప్పుడు ఎటో చూసేవాడు.

"అయితే తీసెయ్యి," అంది ఆమె. "నా మూడు మాటలూ తీసెయ్యి. అబద్ధంగా ఉండేకంటే లేకపోవడం మేలు."

"నిజంగానా?" అతని భుజాలు దిగాయి. ఆమె దాన్ని చూసింది. కాదనడానికి, బతిమాలడానికి ఒక్క నిమిషమైనా తీసుకుంటాడనుకుంది. అతను అప్పటికే ఫోను వెతుకుతున్నాడు. "వంశవృక్షం పట్టికలో నీ పేరుంది, అది అలాగే ఉంటుంది. ఆ పేజీ ఒక్కటీ మళ్లీ కంపోజు చేయిస్తాను, ఓనరు రేపు అచ్చేస్తాడు. కుట్టేసిన పుస్తకంలో ఒక కాగితం మార్చొచ్చు కదక్కా?"

"మార్చొచ్చు."

"అతికేది నువ్వే కదూ? వేరేవాళ్ల చెయ్యి పడితే అతుకు కనిపిస్తుంది."

ఆమె ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. "నేనే," అంది.

*

కుట్టిన పుస్తకంలోంచి కాగితం తీయడం పీకడం కాదు. పీకితే దాని జోడు కాగితం ఆరు పేజీల అవతల ఊడివస్తుంది. వెన్ను పక్కన ఉక్కు స్కేలు ఆనించి, కత్తి మొనతో ఒక్క గీత గీయాలి. కత్తి కింది కాగితాన్ని తాకకూడదు, దీన్ని వదలకూడదు. గోటి వెడల్పున అంచు మిగలాలి. ఆ అంచుకు కుంచెతో పల్చగా జిగురు రాసి, కొత్త కాగితం దాని మీద కూర్చోబెట్టి, ఎముక బద్దతో ఒక్కసారి, పైనుంచి కిందికి రుద్దాలి. రెండుసార్లు రుద్దితే ముడత పడుతుంది. తడి పక్కపేజీకి అంటకుండా మధ్యలో మైనపు కాగితం పెట్టి, బరువు కింద పెట్టాలి.

శుక్రవారం ఎనిమిది గంటలకు కొత్త కాగితాలు వచ్చాయి. మధ్యాహ్నానికి నూట నలభై పుస్తకాలయ్యాయి. తీసేసిన నూట నలభై కాగితాలు ఆమె కాళ్ల దగ్గర గంపలో ఉన్నాయి.

రేడియో ఆ పొద్దంతా మాట్లాడలేదు. ఓనరు రెండుసార్లు వచ్చి, ఒంట్లో బాగాలేదా అని అడిగి వెళ్లాడు. చివరికి రేడియోనే ఆగలేకపోయింది.

"నేనైతే ఆయన పేజీ కోసేదాన్ని."

"అన్నీ ఆయన పేజీలేనే. ఏది కోస్తావు?"

"నవ్వుతున్నావా నువ్వు?"

"కత్తి పట్టుకున్నప్పుడు మాట్లాడించకు."

నూట నలభై ఒకటో పుస్తకం. స్కేలు, గీత, కుంచె. కొత్త కాగితం ఎడమచేత్తో అందుకుంది. ఎప్పటిలా అడుగున అంకె చూసింది, నూట పదిహేడు. చూపు అక్కడే ఆగాల్సింది. పైకి పోయింది. యాభై అయిదేళ్లలో మొదటిసారి, చేతిలో పని ఉండగా, ఆమె చదివింది. తన మూడు వాక్యాలు ఉన్నచోట ఒక్క వాక్యం ఉంది.

నాన్న మంచాన పడ్డాక నాలుగేళ్లు ఎలాగో గడిచాయి.

దాని తరవాత, ముందులాగే, హైస్కూలు.

ఎలాగో. ఆ మాట ఆమె చాలాసార్లు విన్నది, చాలాసార్లు అన్నది. ఎలాగో బస్సు దొరికింది, ఎలాగో జ్వరం తగ్గింది. బల్ల అందక పెట్టె మీద నిలబడి మడిచిన నాలుగేళ్లు. కాగితపు అంచులు కోసిన వేళ్లను నోట్లో పెట్టుకుంటే నాలిక మీద సిరా రుచి. ఇంటికొచ్చి నాన్నకు పక్క మార్చి, తమ్ముడి చొక్కా ఉతికి ఆరేసి, వాడు ఎక్కాలు చదువుతుంటే అన్నం వారుస్తూ తనూ పెదవులు కదపడం. పదమూడో ఎక్కం దగ్గర వాడు తప్పితే తనే అందించేది.

"పెద్దమ్మా, జిగురు ఆరిపోతోంది," అంది రేడియో.

ఆరిపోయింది. కాగితం కూర్చోలేదు, ఒక మూల లేచింది. ఆమె దాన్ని జాగ్రత్తగా ఊడదీసి, అంచు గీకి, మళ్లీ జిగురు రాసి, ఇంకో కాగితం తీసుకుంది. ఈసారి చదవలేదు. నూట అరవైసార్లు చదవక్కర్లేదు. ఒకసారికే కంఠతా వచ్చేసింది.

సాయంత్రం నాలుగింటికి, "సగం నాకివ్వు," అని రేడియో కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"నీ చేత్తో వద్దు. అతుకు తెలుస్తుంది."

"తెలియనీ!"

"పని పనేనే," అంది ఆమె, తలెత్తకుండా.

*

శనివారం పదకొండు గంటలకు తమ్ముడు వచ్చాడు. అప్పటికి అట్టలు వేయడం, అంచులు కోయడం అయిపోయాయి. పాతికేసి పుస్తకాలు పేర్చి తాడుతో కట్టలు కడుతోందామె. ఓనరు కుర్చీ వేయించాడు. అతను కూర్చోలేదు. పైనున్న పుస్తకం తీసి, అట్ట మీద అరచేత్తో నిమిరి, వాసన చూశాడు. తరవాత నేరుగా నూట పదిహేడో పేజీకి వెళ్లాడు. పేజీని వెలుతురుకు ఎత్తాడు, వేలితో వెన్ను పక్కన తడిమాడు.

"ఎక్కడ అతికావో నాకే తెలియడం లేదక్కా!"

"తెలియకూడదు. అదే పని."

"నీ చెయ్యి చెయ్యే." మనసు తేలికపడిన మనిషిలా నవ్వాడు. "రేపు ముందు వరసలో నీకు కుర్చీ పెట్టమన్నాను. అమ్మాయినీ, పాపనీ తీసుకురా. వేదిక మీద శాలువా కూడా కప్పిద్దామనుకుంటున్నా, పుస్తకం కుట్టిన అక్క అని. అందులో ఎవరికీ అభ్యంతరం ఉండదు."

ఆమె కట్ట మీద ముడి బిగించి, మిగిలిన తాడు కత్తిరించింది. "ఆ పేజీ ఒకసారి చదివిపెట్టరా."

"ఏ పేజీ?"

"నీ చేతిలో తెరిచి ఉన్నదే."

"నువ్వే అతికావు కదా, చదవలేదా?"

"చదువు మీద ఆసక్తి లేనిదాన్ని కదా. నువ్వు చదువు, వింటాను."

ఎదురు బల్ల దగ్గర రేడియో చెయ్యి ఆగింది. తమ్ముడు ఓనరు వంక చూసి, మా అక్క ఇంతే అన్నట్టు నవ్వబోయాడు. ఓనరు నవ్వలేదు. అతను కళ్లజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని, నిటారుగా నిలబడి చదివాడు. ఎన్ని తరగతి గదులు విన్న గొంతో అది, ఆ గది చివరి దాకా స్పష్టంగా వినిపించింది.

"'నాన్న మంచాన పడ్డాక నాలుగేళ్లు ఎలాగో గడిచాయి. ఆ ఏడాదే నేను హైస్కూల్లో...'"

"అక్కడ ఆగు," అంది ఆమె. "ఎలా?"

"ఏమిటి?"

"ఎలా గడిచాయి మాస్టారూ?"

ఎప్పుడూ రా అని పిలిచే మనిషి. అతను పుస్తకంలోకి చూశాడు, కింది వాక్యంలో ఉంటుందేమో అన్నట్టు. పేజీ తిప్పి నూట పద్దెనిమిది చూశాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు. మెడ దగ్గర, కొత్త చొక్కా కాలరు మీద చెమట పట్టింది.

ఆమె కోపంగా లేదు. ఎగతాళిగానూ లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగిన పిల్లలా తల కొంచెం పక్కకు వంచి, అతని ముఖంలోకి చూస్తూ కాసేపు ఆగింది. తరవాత తాడు ఉండ దగ్గరకు లాక్కుని, ఇంకో పాతిక పుస్తకాలు పేర్చి, కట్టడం మొదలుపెట్టింది. ఒక చుట్టు, అడ్డంగా ఇంకో చుట్టు, ముడి. దాని తరవాత ఇంకో కట్ట. అతను అక్కడే నిలబడి ఉన్నాడు, వేలు ఆ వాక్యం కింద పెట్టుకుని, పాఠం అప్పజెప్పలేని పిల్లాడిలా. కూర్చోమని ఆమె అనలేదు.